మూతపడిన ఐడీ, మునిగిన సొమ్ము



ఆన్‌లైన్ ఆటలో ఖాతా అనేది ఆడేవారికీ ఆటను నడిపే సంస్థకూ నడుమ కుదిరిన ఒప్పందానికి కనిపించే రూపం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాల యువకులు దానిని ఐడీ అంటారు. ఆటలో సాధించిన ర్యాంకు, స్నేహితుల జట్టు, డబ్బు పెట్టి కొన్న వేషాలు, తుపాకులకు తొడిగే స్కిన్లు అనే అలంకారాలు, ఖర్చు కాకుండా మిగిలిన యూసీ, డైమండ్స్ వంటి ఆట నాణేలు అన్నీ ఆ ఐడీలోనే ఉంటాయి. నియమాలు తప్పారన్న కారణంతో సంస్థ దానిని కొన్ని రోజులకో శాశ్వతంగానో మూసివేస్తే అది ఖాతా నిషేధం, వాడుకమాటలో బ్యాన్. చెల్లింపు ధ్రువీకరణ వివాదం ఇందుకు భిన్నమైనది. సొమ్ము తన బ్యాంకు ఖాతా నుంచి పోయిందని ఆటగాడూ, అది తమకు చేరలేదనో, చేరినా చెల్లించిన మనిషి ఎవరో తేలలేదనో సంస్థా వాదించుకునే తగాదా అది. మొదటిది నడవడిక మీద తీర్పు, రెండవది లెక్కకు సంబంధించిన ప్రశ్న. ఆచరణలో మాత్రం సంస్థలు ఈ రెండింటినీ ఒకే ముడి వేస్తున్నాయి; లెక్క అడిగినవారి ఐడీ మూతపడుతోంది, ఐడీ మూతపడినవారికి లెక్క అడిగే దారి కూడా దానితోపాటే మూతపడుతోంది. ఈ ముడి అన్యాయమైనదనీ, దానిని విప్పే సాధనాలు ఇప్పటికే చట్టంలో చాలావరకు ఉన్నాయనీ చూపడం ఈ ప్రసంగ ఉద్దేశం.

ఈ సమస్య కొల్లేటి సీమలో ఏ రూపం తీసుకుంటుందో అర్థం కావాలంటే ఆ సీమలో ఫోను ఎవరి చేతిలో, ఏ వేళలో ఉంటుందో చూడాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరచుకున్న కొల్లేరు సరస్సును ప్రభుత్వం 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం హద్దుల లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేసిన తరువాత కూడా కైకలూరు, మండవల్లి, ఆకివీడు, భీమడోలు చుట్టుపక్కల బతుకుతెరువు ప్రధానంగా చేపల, రొయ్యల చెరువుల మీదే నడుస్తోంది. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే జనరేటరు వేయడానికి మనిషి మేలుకొని ఉండాలి, ఆ మేలుకున్న మనిషికి ఫోనులోని ఆటే కాలక్షేపం. ఆ ఫోనుకు అనుసంధానించిన బ్యాంకు ఖాతా చాలా ఇళ్లలో మేత కొనుగోలూ పట్టుబడి సొమ్మూ నడిచే ఇంటి ఖాతాయే గనుక, ఆటలో జరిగే చిన్న చెల్లింపు పొరపాటైనా ఇంటి లెక్కలోకి వచ్చి పడుతుంది. 2015లో మొదలైన జాతీయ సాంకేతిక సంస్థ ఉన్న తాడేపల్లిగూడెంలోనూ, పాత కళాశాలల ఊరైన ఏలూరులోనూ పరిస్థితి కొంత వేరు. అక్కడ హాస్టలు గదుల్లో నలుగురేసి జట్టుకట్టి ఆడే విద్యార్థులకు ఐడీ అంటే తోటివారిలో పరపతి.

నిషేధాలలో ప్రభుత్వం ఆటను నిషేధించడం ఒకటి, సంస్థ ఆటగాడిని నిషేధించడం మరొకటి. మొదటి రకాన్ని తెలుగు యువత 2020లో స్వయంగా అనుభవించింది. సమాచార సాంకేతిక చట్టం 69ఏ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న 118 యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో పబ్‌జీ మొబైల్ ఉంది. అక్టోబరు 30తో దాని సర్వర్లు భారతదేశంలో ఆగిపోయాయి. దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ అదే ఆటను 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో తిరిగి తెచ్చి, పాత ఐడీలోని వస్తువులను కొత్త ఆటలోకి తరలించుకునే అవకాశం కొంతకాలం ఇచ్చింది. పాత ఐడీని ఏ ఫేస్‌బుక్ ఖాతాతో, ఏ మెయిలుతో తెరిచారో గుర్తున్నవారికే ఆ అవకాశం ఉపయోగపడింది. మొబైల్ షాపులో ఎవరో తెరిచి ఇచ్చిన మెయిలు మీద ఏళ్ల తరబడి ఆడినవారికి పాస్‌వర్డు తెలియకపోతే ఐడీ ఉండీ లేనట్టే అయింది. 2022 ఫిబ్రవరి 14న గరీనా ఫ్రీ ఫైర్ నిషేధానికి గురైంది. బీజీఎంఐ కూడా 2022 జూలైలో యాప్ దుకాణాల నుంచి మాయమై 2023 మే నెలలో షరతులతో తిరిగి వచ్చింది. మైనర్లు రోజుకు మూడు గంటలు, పెద్దలు ఆరు గంటలు మించి ఆడరాదన్నది ఆ షరతులలో ఒకటి. ఇటువంటి సందర్భాలలో ఆటగాడి తప్పు ఏమీ లేకుండానే, అతడు కొన్న నాణేల గతి ఏమవుతుందో తెలియని స్థితి వచ్చింది.

రెండవ రకం నిషేధం సంస్థ సొంత నిర్ణయం. దాని అవసరాన్ని తక్కువ చేసి చెప్పడం సరికాదు. గోడ వెనుక ఉన్న శత్రువును చూపించే, గురి తప్పకుండా తుపాకిని తిప్పే సాఫ్ట్‌వేరును హ్యాక్ అంటారు. అది వాడే ఒక్కడు మ్యాచ్‌లోని మిగిలిన ఆటగాళ్లందరి శ్రమనూ వృథా చేస్తాడు. అందువల్ల ఆట నడిపే సంస్థలు ఫోనులో ఉన్న ఆట అసలుదా మార్చినదా అని పరిశీలిస్తాయి, ఆట నడుస్తుండగా ఫోను మెమరీలో మరో ప్రోగ్రాము వేలు పెడుతోందా అని చూస్తాయి, మనిషి చేతికి సాధ్యం కాని వేగం, గురి ఆటగాడి గణాంకాలలో కనిపిస్తున్నాయా అని సర్వరు దగ్గర లెక్క కడతాయి, తోటి ఆటగాళ్లు చేసిన ఫిర్యాదులను కూడా కలుపుకుంటాయి. ఈ నాలుగు ఆనవాళ్లలో దేనిమీద నిషేధం పడిందో సంస్థ చెప్పదు. చెబితే హ్యాకులు అమ్మేవారు ఆ సందును పూడ్చుకుంటారన్నది దాని వాదన. వాదనలో నిజం ఉంది. అయితే ఆరోపణ చేసేదీ, సాక్ష్యం దాచేదీ, శిక్ష వేసేదీ ఒకే సంస్థ అయినప్పుడు, కాటా కొనేవాడి చేతిలోనే ఉండి, ముల్లు ఎక్కడ ఆగిందో చేపల రైతుకు చూపించకుండా తూకం చెప్పినట్టే అవుతుంది.

యంత్రం పొరబడదన్న నమ్మకానికి ఆధారం లేదు. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ తన స్టీమ్ వేదిక మీద ఆడే ఆటల్లో మోసాన్ని పట్టే వ్యవస్థ విధించిన నిషేధాలకు అప్పీలు ఉండదని గట్టిగా చెబుతుంది. 2010 జూలైలో ఆ వ్యవస్థ సుమారు 12,000 మంది ఆటగాళ్లను పొరపాటున నిషేధించింది. స్టీమ్ తానే చేసిన ఒక ఫైలు మార్పును ఆ వ్యవస్థ హ్యాకుగా పొరబడడమే అందుకు కారణం. వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ బాధితులకు క్షమాపణ చెప్పి, నిషేధాలు ఎత్తివేసి, పరిహారంగా ఒక ఆటను ఉచితంగా ఇచ్చాడు. ఆ పొరపాటు బయటపడినది బాధితులు ఒకేసారి వేలల్లో ఉండడం వల్ల. ఆకివీడులో ఒక్క ఫోనులో అదే జరిగితే దానిని పొరపాటుగా గుర్తించే యంత్రాంగం ఏదీ లేదు.

గ్రామాల్లో మరీ బాధ కలిగించేది పరికర నిషేధం. నిషేధం పడినవారు మరో ఐడీ తెరిచి మళ్లీ హ్యాక్ వాడకుండా ఉండడానికి సంస్థలు ఐడీతోపాటు ఫోనునే గుర్తుపట్టి అడ్డుకుంటాయి. పదేళ్ల నిషేధం అన్న మాట ఆటగాళ్ల నోట తరచు వినిపిస్తుంది. ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ సెకండ్ హ్యాండ్ ఫోను కొన్న కుర్రవాడికి, ఆ ఫోను వెనుకటి యజమాని హ్యాక్ వాడి నిషేధం తెచ్చుకున్నాడన్న సంగతి కొనే సమయంలో తెలిసే మార్గం లేదు. తెర, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ను చూసి కొనేవారు, తమ ఆటను దుకాణంలోనే ఒకసారి తెరిచి లాగిన్ చేసి చూడడం ఒక్కటే ఇప్పటికి ఉన్న జాగ్రత్త. ఐడీల కొనుగోలు అమ్మకాలు ఇంతకన్నా ప్రమాదకరమైనవి. ఐడీ బదిలీని చాలా సంస్థల నియమాలు ఒప్పుకోవు. అమ్మినవాడు పాత మెయిలు ద్వారా దానిని తిరిగి లాక్కుంటే కొన్నవాడు సంస్థ దగ్గరకు వెళ్లలేడు, వెళితే నియమం తప్పినట్టు తానే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇక లెక్క సంగతి. వంద రూపాయల లోపు చిన్న యూసీ ప్యాకు ఒకటి కొనడంలో ఎన్ని చేతులు మారతాయో నిదానంగా చూడడం అవసరం. ఆటలో కొనుగోలు మీట నొక్కగానే ఆజ్ఞ యాప్ దుకాణానికి, అంటే ఆండ్రాయిడ్ ఫోనులలో గూగుల్ ప్లేకు వెళుతుంది. ఆ దుకాణం యూపీఐ యాప్‌ను పిలుస్తుంది. పిన్ను కొట్టగానే ఆ సందేశం జాతీయ చెల్లింపుల సంస్థ నడిపే వ్యవస్థ ద్వారా ఆటగాడి బ్యాంకుకు చేరి సొమ్ము కోత పడుతుంది. అది దుకాణం బ్యాంకుకు జమ కావాలి, ఆ జమ కబురు దుకాణానికి, దుకాణం కబురు ఆట సర్వరుకు చేరాలి. అప్పుడే యూసీ ఐడీలోకి వస్తుంది. చెరువు గట్టు మీద సిగ్నలు ఒక గీతకు పడిపోయే చోట, పిన్ను కొట్టిన తరువాత ఈ గొలుసులో ఏ లంకె దగ్గరైనా కబురు ఆగిపోవచ్చు. తెర మీద పెండింగ్ అన్న మాట కనిపిస్తుంది, బ్యాంకు నుంచి కోత సందేశం మాత్రం ఠంచనుగా వస్తుంది. కంగారులో రెండోసారి, మూడోసారి చెల్లించడం సాధారణంగా జరిగే తప్పు. అన్నీ తరువాత ఒక్కసారిగా పూర్తయితే ఆటగాడు మూడు ప్యాకులు కొన్నవాడవుతాడు.

ఇటువంటి విఫల చెల్లింపులకు భారతీయ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న గడువులు నిర్ణయించింది. యూపీఐ ద్వారా వ్యాపారికి చెల్లించినప్పుడు కోత పడి, వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన నాటి నుంచి ఐదు రోజులలోపు సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. ఆ తరువాత ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ వంద రూపాయల పరిహారం ఖాతాదారుకు చెల్లించాలి. చిన్న మొత్తం గదా అని ఎవరూ అడగకపోవడం వల్ల ఈ నిబంధన కొల్లేటి పల్లెల్లో నిరుపయోగంగా మిగిలిపోతోంది. అడగడానికి రెండు సంఖ్యలు కావాలి. యూపీఐ రసీదు మీద ఉండే పన్నెండు అంకెల సంఖ్యను యూటీఆర్ అంటారు, బ్యాంకు దానినే గుర్తుపడుతుంది. గూగుల్ ప్లే పంపే మెయిలులో జీపీఏ అన్న అక్షరాలతో మొదలయ్యే ఆర్డరు సంఖ్య ఉంటుంది, దుకాణమూ ఆట సంస్థా దానినే గుర్తుపడతాయి. ఒకరి సంఖ్య మరొకరికి అర్థం కాదు. యూటీఆర్ ఒక్కటే పట్టుకొని ఆట సంస్థకు రాసినవారికి చెల్లింపు వివరాలు దొరకలేదన్న జవాబు రావడానికీ, ఆటగాడు దానిని మోసంగా భావించడానికీ చాలాసార్లు ఇదే కారణం. రెండు సంఖ్యలూ, ఆటలోని ప్లేయర్ ఐడీ, తేదీ, వేళ ఒకే ఫిర్యాదులో ఉంటే చాలా తగాదాలు మొదటి జవాబులోనే తేలిపోతాయి.

తేలని తగాదాలలో చాలా దొడ్డిదారి టాప్ అప్‌ల నుంచి పుడతాయి. అసలు ధరకన్నా తక్కువకు యూసీ, డైమండ్స్ వేస్తామని వాట్సాప్, టెలిగ్రామ్ గుంపులలో ప్రకటించేవారు ప్లేయర్ ఐడీ మాత్రమే అడుగుతారు, నాణేలు నిజంగానే వేస్తారు. వాటిని వారు దొంగిలించిన కార్డులతో కొని ఉండవచ్చు, లేదా కొన్న తరువాత దుకాణం నుంచి సొమ్ము వాపసు తెచ్చుకొని ఉండవచ్చు. వాపసు జరిగిన క్షణంలో ఆ సొమ్ము ఆట సంస్థకు అందకుండా పోతుంది గనుక, సంస్థ ఆ నాణేలను ఐడీ నుంచి వెనక్కి తీసుకుంటుంది. అప్పటికే ఖర్చయి ఉంటే నిల్వ సున్నా కంటే కిందికి పోయి అప్పుగా నిలుస్తుంది, లేదా ఐడీ మూతపడుతుంది. గుంపులో యూపీఐ ద్వారా ఎవరి పేరునో పంపిన సొమ్ముకు ఆట సంస్థ రసీదు ఉండదు. కాబట్టి ఈ సందర్భంలో సంస్థను నిందించడానికి అవకాశం తక్కువ, మోసగించిన వ్యక్తి మీద 1930 నంబరుకు సైబర్ నేరంగా ఫిర్యాదు చేయడమే మిగిలే మార్గం.

అయితే దొడ్డిదారి తొక్కనివారిని కూడా ఇదే కత్తితో కోయడం ప్రపంచమంతటా జరుగుతోంది. కార్డుతో చేసిన చెల్లింపు తాను చేసినది కాదనో, సరుకు రాలేదనో ఖాతాదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, బ్యాంకు కార్డు వ్యవస్థ ద్వారా వ్యాపారి నుంచి ఆ సొమ్మును వెనక్కి రాబట్టే ప్రక్రియను ఛార్జ్‌బ్యాక్ అంటారు. అది ఖాతాదారు హక్కు. ఆ హక్కు వాడుకున్నవారి ఆట ఖాతాను వెంటనే మూసివేయడం పరిశ్రమలో ఆనవాయితీ అయిపోయింది. ఫోర్ట్‌నైట్ ఆటను నడిపే ఎపిక్ గేమ్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణలలో ఇదే కీలకం: మీటలను తికమకగా అమర్చి పిల్లల చేత, పెద్దల చేత అక్కరలేని కొనుగోళ్లు చేయించడమే గాక, ఆ కోతలను కార్డు సంస్థల దగ్గర ప్రశ్నించినవారి ఖాతాలకు తాళం వేసి, వారు అప్పటికే కొన్న వస్తువులన్నీ అందకుండా చేసిందని కమిషన్ పేర్కొంది. తాళం తీసినవారిని కూడా మళ్లీ ప్రశ్నిస్తే జీవితకాలం నిషేధిస్తామని హెచ్చరించిందని చెప్పింది. 2022 డిసెంబరులో ఎపిక్ మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది; అందులో 24.5 కోట్లు ఇటువంటి వినియోగదారులకు వాపసు కోసం. 2023 మార్చిలో ఖరారైన ఉత్తర్వు, అనధికార కోతను ప్రశ్నించినందుకు వినియోగదారుల ఖాతాలను మూసివేయడాన్ని నిషేధించింది. 2024 డిసెంబరులో తొలి విడతగా 7.2 కోట్ల డాలర్లకు పైగా బాధితులకు పంపారు. లెక్క అడగడం నేరం కాదని ఒక నియంత్రణ సంస్థ స్పష్టంగా, డబ్బు రూపంలో చెప్పిన సందర్భం ఇది. భారతదేశంలో ఇంత సూటి ఉత్తర్వు రావలసి ఉంది.

పందెం ఆటల్లో వివాదం మరో దారి పట్టింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు తేల్చిన ప్రసిద్ధ తీర్పు తెలుగు నేల మీద పుట్టిన వ్యాజ్యంలోదే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పెట్టిన కేసులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ నడుమ 1967 నవంబరులో ఆ తీర్పు వెలువడింది. ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు అర్ధశతాబ్దం తరువాత దాని నీడనే పెరిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో తమ 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించి డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. అప్పటి నుంచి సంస్థలు ఈ రెండు రాష్ట్రాలవారిని పందెం పోటీలకు అనుమతించబోమని నియమాలలో రాసుకున్నాయి. ఫోను ఉన్న చోటును తప్పుగా చూపించే యాప్‌లతో కొందరు ఆడారు. సొమ్ము వేసేటప్పుడు అడ్డు చెప్పని సంస్థ, గెలిచిన సొమ్ము తీసుకునేటప్పుడు కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు పరిశీలన అడిగేది. ఆధార్ మీద ఏలూరు చిరునామా కనిపించగానే ఖాతాను నిలిపివేసే అధికారం నియమాలు దానికి ఇచ్చాయి. నియమం తప్పినవాడి తప్పును కాదనలేము. కాని గుర్తింపు పరిశీలనను సొమ్ము లోపలికి వచ్చే గుమ్మం దగ్గర గాక బయటికి పోయే గుమ్మం దగ్గర పెట్టడం, ఓడిన నిషిద్ధ ప్రాంతవాసి సొమ్మును ప్రశ్న లేకుండా స్వీకరించి గెలిచినవాడినే ప్రశ్నించడం ఏ నీతికీ నిలవదు.

గుర్తింపు పరిశీలనలో తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్ల దగ్గర ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు తరచు ముందు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి ధ్రువపత్రంలోనూ అదే క్రమం ఉంటుంది. బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. పాన్ కార్డులో చివరకు జరుగుతుంది. వెంకట, నాగ, సత్య, సూర్య వంటి మాటలు ఒక పత్రంలో కలిపి, మరో పత్రంలో విడిగా, ఇంకో దానిలో అసలు లేకుండా కనిపిస్తాయి. మనిషి చూస్తే ఒక్కరేనని చిటికెలో తెలిసేది, అక్షరాలను పోల్చే యంత్రానికి మూడు పేర్లుగా తోచి ధ్రువీకరణ విఫలమైందని వస్తుంది. గెలుపు సొమ్ము మీద 2023 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను ముందుగానే కోయవలసి రావడంతో పాన్ పేరు సరిపోలడం మరీ తప్పనిసరి అయింది. పత్రాలలో పేరు సరిచేయించుకోవడానికి మీసేవ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరిగే లోపల సంస్థ పెట్టిన గడువు దాటిపోయేది.

రాష్ట్రాల నిషేధాల తరువాత పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహ, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పందెపు ఆటలన్నిటినీ అది నిషేధించింది. అటువంటి ఆట నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. బ్యాంకులు, చెల్లింపు సంస్థలు ఆ సొమ్మును నడపరాదు. ఆడేవారికి మాత్రం శిక్ష లేదు. డ్రీమ్11, ఎంపీఎల్ వంటి పెద్ద సంస్థలు ఆ వారంలోనే పందెం పోటీలు ఆపి నిల్వ సొమ్ము తీసుకోమన్నాయి. హైదరాబాదుకు చెందిన హెడ్ డిజిటల్ వర్క్స్ చట్టాన్ని కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది, ఆ వ్యాజ్యాలను సుప్రీంకోర్టు తన దగ్గరకు తెప్పించుకుంది. ఈ నిషేధంతో దొంగచాటు విదేశీ యాప్‌లకు మళ్లినవారి మాట వేరే చెప్పాలి. అక్కడ ఖాతా మూసినా, సొమ్ము ఆపినా అడగడానికి చిరునామా కూడా ఉండదు.

పందెం లేని ఆటలకు తిరిగి వస్తే, పిల్లలు చేసే కొనుగోళ్ల మీద చట్టం స్థితి చాలామంది తల్లిదండ్రులు అనుకునే దానికి భిన్నంగా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 ఒప్పందాల చట్టం 11వ సెక్షను ఆధారంగా 1903లో మొహోరీ బీబీ వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఆ సూత్రం నేటికీ నిలిచే ఉంది. అయితే పిల్లవాడు ఆడే ఐడీ, అతడు చెల్లించిన బ్యాంకు ఖాతా రెండూ తండ్రి పేరుతో ఉన్నప్పుడు ఒప్పందం చేసుకున్నది పిల్లవాడేనని రుజువు చేయవలసిన భారం ఇంటివారి మీద పడుతుంది. బ్యాంకు దగ్గర వాదన ఇంకా బలహీనం. అనధికార లావాదేవీని మూడు పనిదినాలలోపు తెలియజేస్తే, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని మూడో వ్యక్తి మోసాలలో, ఖాతాదారుకు ఏ బాధ్యతా ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు చెబుతుంది. పిన్నును ఇంట్లో అందరికీ తెలియనిచ్చిన సందర్భంలో, తెలియజేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదేనని కూడా అదే ఉత్తర్వు చెబుతుంది. కాబట్టి పిల్లలు చేసిన కొనుగోలుకు మొదటి తలుపు బ్యాంకు కాదు, యాప్ దుకాణం. గూగుల్ ప్లే దగ్గర మామూలు వాపసు అభ్యర్థనకు 48 గంటల వ్యవధి ఉంది, అది దాటితే ఆట సంస్థను అడగమంటుంది. ముందుగా ఛార్జ్‌బ్యాక్‌కు వెళ్లడం వల్ల ఐడీ మూతపడే ప్రమాదం ఉన్నంతకాలం, దుకాణాన్నీ సంస్థనూ రాతపూర్వకంగా అడిగి, జవాబు రానప్పుడే బ్యాంకు దాకా పోవడం క్షేమకరమైన క్రమం.

సంస్థ నిషేధాన్ని ప్రశ్నించడానికి కూడా ఒక క్రమం ఉంది. 2021 సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ఇంటర్మీడియరీలు అనే మధ్యవర్తి సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించి, ఫిర్యాదు అందినట్టు 24 గంటలలో తెలిపి, నిర్ణీత గడువులో పరిష్కరించాలి; 2023 ఏప్రిల్ సవరణ ఆన్‌లైన్ ఆటల మధ్యవర్తులను కూడా ఈ నియమాలలోకి తెచ్చింది. ఆటలోని సహాయ కేంద్రంలో యంత్రం ఇచ్చే మూస జవాబు ఈ అధికారి జవాబు కాదు. ఆయన మెయిలు చిరునామా సాధారణంగా గోప్యతా విధానం పేజీలో ఉంటుంది, అక్కడికే రాయాలి. జవాబు నచ్చకపోతే 30 రోజులలో కేంద్ర ప్రభుత్వం ఏర్పరచిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో రుసుము లేకుండా వెళ్లవచ్చు.

సొమ్ము చెల్లించినవారికి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా దగ్గరి దారి. 2020 జూలై నుంచి అమలులో ఉన్న 2019 చట్టం, ఫిర్యాదుదారు నివసించే చోటనే వ్యాజ్యం వేసే హక్కునిచ్చింది. పశ్చిమ గోదావరి ఉమ్మడిగా ఉన్న కాలం నుంచి ఏలూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ నడుస్తోంది. ఐదు లక్షల రూపాయల లోపు విలువకు రుసుము కూడా లేదు. వివాదాలు మధ్యవర్తిత్వం ద్వారానే తేల్చుకోవాలని కొన్ని సంస్థల నియమాలలో ఉంటుంది. అటువంటి షరతు వినియోగదారుల కమిషన్ల అధికారాన్ని తీసివేయలేదని ఎమ్మార్ ఎంజీఎఫ్ వ్యాజ్యంలో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు కల్పించే షరతును అన్యాయ ఒప్పందంగా ఈ చట్టం నిర్వచించింది. ఆట సంస్థల నియమాలలో ఏ సమయంలోనైనా, ఏ కారణం చేతనైనా ఖాతాను మూసే హక్కు తమకు ఉందన్న వాక్యం ఆ నిర్వచనానికి చాలా దగ్గరగా ఉంది. అన్యాయ ఒప్పందాల మీద ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు, విజయవాడలోని రాష్ట్ర కమిషన్ వినాలి. వినియోగదారుల సంఘాలు, న్యాయ కళాశాలలు అటువంటి వ్యాజ్యాన్ని చేపట్టడం ఒక ఊరి కుర్రవాడు చేపట్టడం కంటే తేలిక, ఫలితం అందరికీ దక్కుతుంది కూడా.

ఐడీలోని వస్తువులు ఆటగాడి ఆస్తి కావు, వాడుకునే అనుమతి మాత్రమేనని సంస్థలు చెప్పే మాట న్యాయపరంగా ఇప్పటికి నిలుస్తోంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి, అనుమతిని మాత్రమే అమ్ముతున్న సంస్థ ఆ సంగతిని కొనేవారికి కొనే క్షణంలోనే స్పష్టంగా చెప్పాలని శాసించింది. అనుమతి అన్న వాదనను ఒప్పుకున్నా, వాడకుండా మిగిలిన యూసీ ఇంకా అందించని సేవకు ముందుగా తీసుకున్న సొమ్మే. హ్యాక్ వాడినవాడిని ఆట నుంచి వెళ్లగొట్టే హక్కులో ఆ సొమ్మును ఉంచుకునే హక్కు కలిసి లేదు.

2025 చట్టం ఆన్‌లైన్ ఆటల మీద ఫిర్యాదులను స్వీకరించే ఒక అథారిటీకి కూడా చోటిచ్చింది. దాని ముందు కొల్లేటి సీమ వంటి ప్రాంతాల నుంచి పెట్టవలసిన కోర్కెలు పెద్దవేమీ కావు. నిషేధం విధించిన సంస్థ ఏ నియమం, ఏ తేదీన, ఏ మ్యాచ్‌లో తప్పారో ఆటగాడికి తెలపాలి. సాంకేతిక రహస్యం బయటపెట్టకుండానే ఆ పని చేయవచ్చు. చెల్లింపు తగాదా నడుస్తున్నంతకాలం తగాదాలో ఉన్న నాణేలను మాత్రమే నిలిపివేసి మిగిలిన ఐడీని తెరిచే ఉంచాలి. ధ్రువీకరణ సొమ్ము తీసుకునే ముందే జరగాలి. పరికర నిషేధం ఉన్న ఫోనును కొత్త యజమాని రసీదు చూపి విడిపించుకునే వీలుండాలి. అప్పీలును ఒక మనిషి చదివి, తెలుగులో రాసినదానికి తెలుగులోనే జవాబివ్వాలి.